నోరు కుట్టని బొంతలు

నాకు శాలువాలంటే పడదు. బీరువా అడుగున ఇప్పటికే ఒక దొంతర పడి ఉంది. కప్పుకుంటే గుచ్చుకుంటాయి, ఎవరికైనా ఇద్దామంటే మొహం చాటేస్తారు. అందుకని మా నాగూరమ్మ ఫోన్ చేసి, "వదినా, మా బొంతల ట్రైనింగ్ అయిపోయింది. సర్టిఫికెట్లు నీ చేత ఇప్పియ్యాలనుకుంటన్నారు. నీకు శాలువా గూడా కప్పుతారంట" అన్నప్పుడు, శాలువా లేదంటేనే వస్తానని గట్టిగా చెప్పాను. నాగూరమ్మ మా మేనత్త హుస్సేనమ్మ కూతురు. నాకంటే బాగా చిన్నది. దర్శి దగ్గర మా సొంత ఊళ్ళో అత్తా, అదీ ఇద్దరే ఉంటారు. నేనేమో గుంటూరులో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, ఆ ఊరి గురించీ మా నాయనమ్మ బొంతల గురించీ ఏవేవో రాస్తుంటాను. రాయడానికైతే ఊరు చేతివేళ్ళ మీదే ఉంటుంది, వెళ్ళడానికి మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వస్తుంది.

ఈసారి ఏదీ అడ్డం రాలేదు. కానీ బస్సెక్కినప్పటి నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. పక్కనావిడ రెండుసార్లు నా మోకాలి వంక చూసి, సీటు మారింది. అద్దంకి దాటాక రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు కొట్టగానే బస్సంతా ఒక్కసారిగా తుమ్మింది. నాకు ఆ ఘాటు కాదు బాధ. బొంతలు కుట్టడం మా ఆడవాళ్ళకి ఒకళ్ళు నేర్పడమేమిటన్నది బాధ. మా నాయనమ్మకి ఎవరిచ్చారు సర్టిఫికెట్టు? ఎర్రటి ఎండలో అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని కూడా వంకర లేకుండా కుట్టిన మనిషికి ఇప్పుడెవరో వచ్చి టేపు పట్టుకుని గీతలు గీసి చూపిస్తారా? అలా నాలో నేనే పోట్లాడుకుంటూ, సభలో ఏం మాట్లాడాలో కూడా మర్చిపోయి, ఊళ్ళో దిగాను.

సభ లేదు. పీర్ల చావిడి పక్కన కమ్యూనిటీ హాల్లో మైకూ లేదు, కుర్చీల వరసలూ లేవు. హాలు మధ్యలో విప్పిన అట్టపెట్టెలు, వాటి చుట్టూ నేల మీద ఆడవాళ్ళు.  గోడ వారన ప్లాస్టిక్ కుర్చీలో మా హుస్సేనమ్మత్త చేతికర్రని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కిటికీ దగ్గర విజయవాడ నుంచి వచ్చి ట్రైనింగ్ ఇస్తున్న లావణ్య అనే అమ్మాయి, కళ్ళు ఎర్రగా చేసుకుని ఫోన్ వంక చూస్తోంది. నాగూరమ్మ నన్ను చూసి లేచింది గానీ ఎదురు రాలేదు.

"ఏమైందే?" అన్నాను.

"పొద్దున్నే తిరిగొచ్చినయ్ వదినా. పంపినయ్యన్నీ తిరిగొచ్చినయ్."

విషయం ఇది. హైదరాబాదులో పసిపిల్లల సామాను అమ్మే ఒక దుకాణం వీళ్ళ దూది బొంతలు చూసి ముచ్చటపడి, మొదటిసారి పెద్ద ఆర్డరు ఇచ్చింది. ఇవి బాగుంటే ఏడాది పొడుగునా తీసుకుంటామంది. వీళ్ళు చలికాలమంతా కూర్చుని కుట్టారు. సరుకు కట్టి పంపే సమయానికి లావణ్య వాళ్ళక్క పురిటికని ఊరెళ్ళింది. మా వాళ్ళే పెట్టెలు సర్ది, టేపు వేసి పంపేశారు. దుకాణం వాళ్ళు విప్పి చూస్తే ప్రతి బొంతకీ ఒక మూల జానెడు మేర కుట్టు లేదు. కుట్టు లేకపోవడమే కాదు, ఆ నోటి దగ్గర దారంతో సహా సూది గుచ్చి ఉంది.

"పసిబిడ్డ కింద వేసే బొంతండీ మేడమ్. అందులో సూది! ఏ తల్లయినా ఊరుకుంటుందా?" అంది లావణ్య నాతో. 

"కనపడేటట్టే గుచ్చాం గదమ్మా, ఎర్ర దారంతో. ఇంటామె మూసుకోటానికి" అని అత్త కుర్చీలోంచే అంది.

ఆ హాల్లో ఉన్న ఆడవాళ్ళకి తాము చేసిన తప్పేమిటో నిజంగా అర్థం కాలేదు. నాకు మాత్రం చటుక్కున అర్థమైంది. నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. నేనక్కడ కూర్చోలేక లేచాను, లేచి ఉండలేక మళ్ళీ కూర్చున్నాను. ఆ జానెడు నోరు సంగతి చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది దూది ఏకే ఇల్లు. తాత మనిషంత పొడుగు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఎవరింటి ముందు దూది కుప్ప పోస్తే అక్కడ కూర్చుని, విల్లు తాడు మీద చెక్క గూటంతో కొడుతుంటే డుంయ్ డుంయ్‌మని వీధి చివరి దాకా వినపడేది. గట్టిపడిన దూది ఆ దెబ్బలకి విడివిడిగా ఎగిరి పక్కన పడేది. ఏకిన దూది మూటలు ఇంటికి వస్తే, పరుపులూ బొంతలూ కుట్టడం ఆడవాళ్ళ పని. అందుకని మా ఇంట్లో దూది నూగు పడని చోటు లేదు. కనుబొమ్మల మీద నూగు, మంచినీళ్ళ కుండ మూత మీద నూగు, ఎండబెట్టిన జొన్నల మీద నూగు. అన్నం వడ్డించగానే కంచం మీద ఇంకో కంచం బోర్లించి, ముద్ద ముద్దకీ ఎత్తి తినేవాళ్ళం. తాత దగ్గుతూ నిద్రపోయేవాడు, దగ్గుతూ లేచేవాడు. అది దగ్గని మేమెవరం అనుకోలేదు, ఆయన ఇంట్లో ఉన్నాడనడానికి గుర్తు అనుకునేవాళ్ళం. ఇప్పుడీ హాల్లో అందరి మెడల్లోనూ మాస్కులు వేలాడుతున్నాయి, గోడకి దుమ్ము లాగే ఫ్యాను బిగించారు. అది చూసినప్పుడు మాత్రం, బస్సులో పడ్డ పోట్లాటలో సగం లావణ్యకే ఒప్పజెప్పేశాను.

ఇంట్లో వాసనలు కాలాన్ని బట్టి మారేవి. చలికాలంలో కొత్త పత్తి వస్తే పచ్చి గింజల వాసన, కాస్త నూనె కలిసినట్టు. వానాకాలంలో జనం పాత పరుపులు విప్పి తిరిగి ఏకమని తెస్తే, ఎన్నో ఏళ్ళ చెమటా, తలనూనే, పసిపిల్లల ఉచ్చా కలిసిన వాసన. ఆ పరుపు ఎవరింటిదో, ఆ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో మా నాయనమ్మ సైదమ్మ వాసన చూసి చెప్పేసేది. బయట మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. గురువారం సాయంత్రం సాంబ్రాణి వేస్తే ఈ వాసనలన్నీ కాసేపు వెనక్కి తగ్గేవి. ఆ కాసేపట్లోనే ఆవిడ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి తల దువ్వేది. దువ్వెనకి వెంట్రుకల కంటే నూగే ఎక్కువ వచ్చేది.

నాయనమ్మ పరుపు కుట్టే దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకుని తిరిగేది. నిద్రపోయేటప్పుడు కూడా తీసేది కాదని అమ్మ విసుక్కునేది. ఆవిడకి ఇంకో అలవాటుండేది. ఎవరైనా గడప దాటి లోపలికి వస్తే, "ఏదీ చెయ్యి" అని పట్టుకుని వాసన చూసేది. మిరపకాయల కోతకి పోయి వచ్చిన చెయ్యి అయితే దూది ముట్టనిచ్చేది కాదు. బూడిదతో రుద్దినా, మజ్జిగతో కడిగినా, పసిబిడ్డల బొంత జోలికి మాత్రం ఆ మిరపకారు, అంటే కోతల కాలం, వెళ్ళిందాకా రాకూడదు. మా చుట్టాల్లోనే మిరపకోతలకి వెళ్ళేవాళ్ళు ఉండేవారు. వాళ్ళు గుమ్మం బయటే కూర్చుని, చేతులు చాచి ఎండకి పెట్టుకుని, లోపల కుట్టేవాళ్ళతో కబుర్లాడేవాళ్ళు. దూది ఇంట్లో ఉన్నంతకాలం మేం గొప్పవాళ్ళమే. దూది అయిపోతే మేం కూడా ఆ గుమ్మం బయటి వాళ్ళమే.

మా పేర్లు సాయిబుల పేర్లు, మా మాటలు తెలుగు మాటలు. దర్శి సంతలో ఉరుదూ వచ్చినవాళ్ళు, "మీకు మన మాట రాదా?" అని వింతగా చూసేవాళ్ళు. మా వీధిలో వాళ్ళు, "అచ్చం మాలాగే మాట్లాడతారే" అని వాళ్ళూ వింతగానే చూసేవాళ్ళు. నాయనమ్మ ఎవరికైనా ఒకటే జవాబు చెప్పేది. "నాకు దూది వచ్చు."

ఇక ఆ నోరు. మేం కుట్టేది మా దూది కాదు. రైతులు తమ చేలో పండిన పత్తి గింజ తీయించి ఇచ్చేవాళ్ళు, మేం ఏకి, కుట్టి, మోసుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. ఇచ్చిన దూదంతా లోపలికి వెళ్ళిందా, మంచిది దాచుకుని పాతది కుక్కారా అన్న ప్రశ్న ఎప్పుడూ గాలిలో ఉండేది. అందుకని మా ఇంట్లో ఏ పరుపునీ, ఏ బొంతనీ పూర్తిగా మూసేవాళ్ళు కాదు. ఒక మూల జానెడు వదిలేసి, సూది అక్కడే గుచ్చి పంపేవాళ్ళు. ఇంటామె మోచేతి దాకా చెయ్యి పెట్టి, నాలుగు మూలలా తడిమి చూసుకుని, తృప్తి పడ్డాక ఆ నోరు తన చేత్తో తనే కుట్టుకోవాలి. అప్పటికిగానీ పరుపు ఆ ఇంటిది అయినట్టు కాదు.

నేను ఒకసారి నాయనమ్మ వెంట ఒక పెద్ద రైతింటికి వెళ్ళాను. ఆ ఇంటావిడని అందరూ రావమ్మగారనేవాళ్ళు. పరుపు నాయనమ్మ నెత్తి మీద, దిండ్లు అప్పటికింకా పెళ్ళికాని హుస్సేనమ్మత్త నెత్తి మీద, నా చేతిలో ఏమీ లేదు. రావమ్మగారు పరుపుని వరండాలో వేయించి, గాజులు పైకి తోసుకుని, నోట్లోకి చెయ్యి పెట్టింది. పిడికెడు దూది బయటికి లాగి, వెలుతురుకి పట్టి చూసింది. వాసన చూసింది.

"ఇది మా చేలో పత్తేనా సైదమ్మా?"

"ఇంకా లోపలికి పెట్టండమ్మా చెయ్యి. ఆ మూలదాకా పెట్టి చూడండి" అంది నాయనమ్మ, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆవిడ ఆ మూలదాకా పెట్టింది. నాకు వంటింట్లోంచి ఎవరో పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చారు. కరివేపాకు వేసిన మజ్జిగ, మా ఇంట్లో నూగు పడకుండా అలాంటిది తాగడమే కుదరదు. నేను గ్లాసులో మొహం పెట్టేశాను. తల ఎత్తేసరికి రావమ్మగారు కూర్చుని నోరు కుడుతోంది. తిరిగొచ్చేటప్పుడు నాయనమ్మ ఎంత వేగంగా నడిచిందో, నేను వెనకాల పరుగెత్తాల్సి వచ్చింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "మన పనిలో దాపరికం లేదు. ఎవురైనా సరే చెయ్యి పెట్టి చూసుకోవచ్చు" అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత నా జీవితమంతా ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ వాడేశాను. తరగతి గదిలో పిల్లలకి చెప్పాను, వ్యాసాల్లో రాశాను. నోరు తెరిచి పంపే నిజాయితీ అని, పాడైపోతున్న ఈ కాలానికి ఎదురుగా ఆ బొంతని ఎన్నిసార్లు పరిచానో లెక్కలేదు.

అందుకే ఆ హాల్లో లావణ్యకి ఇదంతా నేనే చెప్పాను. చెబుతుంటే నాకే ఉత్సాహం వచ్చింది. కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూ చెప్పాను. "మూయొద్దు. సూది తీసేసి, విడిగా ఒక చిన్న డబ్బాలో పెట్టి పంపండి. ఒక కార్డు మీద ఈ కథంతా నేను రాసిస్తాను. కొన్న తల్లి తన చేత్తో నోరు కుట్టుకుని బిడ్డని పడుకోబెడుతుంది. ఇంతకంటే ఏం కావాలి వాళ్ళకి?"

లావణ్య కళ్ళు మెరిశాయి. "స్టోరీ కార్డ్! చాలా బావుంటుందండీ మేడమ్. వాళ్ళు ఒప్పుకుంటారేమో అడుగుతాను."

నాగూరమ్మ మాత్రం కదలలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. నేనూ అప్పుడే ఆ చేతుల్ని సరిగ్గా చూశాను. ఏళ్ళ తరబడి మిరపకోతల్లోనూ, కల్లాల్లో తొడిమలు తీయడంలోనూ అరచేతుల చర్మం పొరలు పొరలుగా లేచిపోయి, వేళ్ళ సందుల్లో పగిలి ఉంది. ఈ చలికాలమంతా దూదిలో ఉండబట్టి పగుళ్ళు కాస్త పూడాయట. మళ్ళీ మిరపకి వెళితే ఆ చేతులతో సన్న సూది పట్టడం ఇంక కుదరదని డాక్టరు చెప్పాడట. "మిరపకోతల మేస్త్రి రేపు పొద్దున ఆటో పంపుతానన్నాడు వదినా. ఈ ఆర్డరు నిలబడితే రానని చెప్దామనుకున్నా. ఇది పోతే ఎక్కాల్సిందే గదా" అంది. కార్డు మీద కథ గురించి ఏమీ అనలేదు.

లావణ్య దుకాణం ఆవిడకి ఫోన్ చేసి, అందరికీ వినపడేటట్టు స్పీకర్ పెట్టింది. నా కార్డు గురించి చెప్పబోయింది గానీ, అవతలావిడ తొందరలో ఉంది. ఆవిడ గొంతు కటువుగా ఏమీ లేదు.

"చూడండి, నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు. లోపల దూది ఎలా ఉందో మాకెవరూ చూపించక్కర్లేదు. మీ వాళ్ళ పని మీద మాకు నమ్మకం ఉంది. సూదులు తీసేసి, మొత్తం మూసేసి పంపండి. ఈ వారంలో రాకపోతే మాత్రం నేను వేరేవాళ్ళ దగ్గర తీసుకోవాల్సి వస్తుంది. సరేనా?"

ఫోన్ పెట్టేసింది. 

"ఏవందే ఆ పిల్ల?" అంది అత్త. ఆవిడకి ఒక చెవి సరిగ్గా వినపడదు.

"మూసి పంపమందమ్మా" అంది నాగూరమ్మ.

"అది వినపడింది. అంతకు ముందేదో అందే."

"మన పని మీద నమ్మకం ఉందంది."

అత్త చేతికర్రని గోడకి ఆనించింది. పమిట సరిచేసుకుంది.  తర్వాత, "ఐతే మూసెయ్యండే" అంది.

నేను ఊరుకోలేకపోయాను. "అదేంటత్తా! నోరు వదలమని చెప్పింది నువ్వేనట కదా. మన ఇంటి ఆచారం కాదూ? నాయనమ్మ ఏమనేది?"

"ఆచారమా?" అత్త నా వంక తిరిగింది. చిన్నప్పుడు నేను దూది మూట మీద ఎక్కి గెంతినప్పుడు చూసిన చూపు అదే. "రావమ్మగారింటికి పోయింది గుర్తుందా నీకు?"

"బాగా గుర్తుంది."

"నీకు మజ్జిగ గుర్తుంది. రావమ్మగారు చెయ్యి బయటికి తీసి, మా అమ్మని లేచి నిలబడమంది. ఒడి దులపమంది. అమ్మ దులిపింది. నన్ను గూడా దులపమంది. నేను గూడా దులిపా. పెళ్ళీడు పిల్లని, వరండాలో పాలేర్లందరూ చూత్తండగా, చీర కుచ్చెళ్ళు పట్టుకుని దులిపా. నువ్వు గ్లాసులోంచి తల ఎత్తలా."

 ఆ మజ్జిగ రుచి ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ నాలుక మీదికి వచ్చింది. హాల్లో ఆడవాళ్ళు కూడా తలలు వంచుకున్నారు. ఒకరిద్దరికి తమ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినవి గుర్తొచ్చాయేమో.

"వాళ్ళు అడిగేలోగా మనవే చూపిచ్చెయ్యాలని మా నాయన పెట్టిన పద్ధతి అది. అడిగిచ్చుకుని చూపియ్యటం కంటే అదే మేలు గదా. నోరు మూసి పంపితే లోపల ఏం కుక్కామో అనుకుంటారని నాకు ఇయ్యాల్టికీ భయం. అందుకే వదలమన్నా. ఆ పిల్లేమో చూపియ్యక్కర్లేదంటంది. ఇంతకాలంలో నాతో ఆ మాట అన్నోళ్ళు లేరు."

నేను వాదించాలనుకున్నాను, ఆ మాట ఒప్పుకుంటాను. హైదరాబాదు ఆవిడది నమ్మకం కాదు, తీరిక లేకపోవడం అని చెప్పాలనుకున్నాను. లోపల మిగిలిపోయిన సూదుల్ని కనిపెట్టే యంత్రం ఒకటి వాళ్ళ దగ్గర ఉందని లావణ్య నాకు ముందే చెప్పింది. యంత్రం పెట్టుకున్నాక నమ్మకం ఎంత సులువు! అప్పుడు మమ్మల్ని తెలిసినవాళ్ళు, మా తాత ముత్తాతల పేర్లు తెలిసినవాళ్ళు అనుమానించారు. ఇప్పుడు మా మొహం కూడా చూడనివాళ్ళు నమ్ముతామంటున్నారు. ఈ రెంటిలో ఏది మేలో నాకు ఆ క్షణంలోనూ తేలలేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ తేలలేదు. కానీ ఒడి దులిపింది నేను కాదు. దులిపిన మనిషికి ఆ ఒక్క మాట చాలినప్పుడు, అది సగం మాటే అని చెప్పడానికి నేనెవర్ని? కార్డు మీద రాయాలనుకున్న కథ నా నోట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం నుంచి అందరూ కూర్చుని నోళ్ళు మూశారు. లావణ్య ప్రతి సూదినీ లెక్కపెట్టి డబ్బాలో వేయిస్తోంది. కుట్టు ఎంత దగ్గరగా ఉండాలో, ముడి లోపలికి ఎలా తొయ్యాలో చూపిస్తుంటే మా వాళ్ళు వింటున్నారు, మధ్యలో ఆ అమ్మాయిని ఆటపట్టిస్తున్నారు. "మీ అక్కకి పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా చెప్పలా, ముందు అది చెప్పు, తర్వాత ముడి సంగతి" అంటే ఆ పిల్ల పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వింది. నాకూ ఒక బొంత ఇచ్చారు. పనికొస్తానని కాదు, అటూ ఇటూ తిరుగుతూ అందరి కాళ్ళకీ అడ్డం పడుతున్నానని.

నేను సూదిలోకి దారం ఎక్కించాను. కుట్టబోయే ముందు, ఎందుకో తెలియకుండానే, నా చెయ్యి ఆ నోట్లోకి వెళ్ళిపోయింది. దూది ఎంత మెత్తగా ఉంది! వేళ్ళు దూర్చి ఒక మూల తడిమాను, ఇంకో మూల తడిమాను. ఎక్కడా ఉండ కట్టలేదు, ఎక్కడా పలచబడలేదు.

"ఏంది వదినా, నువ్వు గూడానా?" అంది నాగూరమ్మ.

అది నవ్వుతూనే అంది. అందరూ పడీ పడీ నవ్వారు, అత్త కూడా నవ్వింది. నేను చెయ్యి బయటికి తీశాను. మోచేతి దాకా నూగు అంటుకుని ఉంది. నవ్వాలని చూశాను గానీ మొహం సహకరించలేదు. సిగ్గు వేసింది. ఆ తర్వాత ఎవరి వంకా చూడకుండా ఆ జానెడూ కుట్టేశాను. లావణ్య వచ్చి చూసి, "కొంచెం వదులుగా ఉందండీ మేడమ్" అని మర్యాదగా విప్పించి మళ్ళీ కుట్టించింది.

సాయంత్రానికి పెట్టెలన్నీ మళ్ళీ కట్టి, దర్శిలో పార్సిల్ ఆఫీసుకి పంపేశారు. నేను ఆ రాత్రి అత్త వాళ్ళింట్లోనే ఉండిపోయాను. తెల్లవారకముందే మెలకువ వచ్చింది. నాగూరమ్మ అప్పటికే లేచి వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. మిరపకోతలకి వెళ్ళేటప్పుడు చీర మీద తొడుక్కునే మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. కాసేపటికి మేస్త్రి ఆటో వీధిలోకి వచ్చింది. లోపల ఆడవాళ్ళు ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ఒకరి మీద ఒకరు ఇరుక్కుని ఉన్నారు. ఆటో హారన్ కొట్టింది. నాగూరమ్మ చెంబు కింద పెట్టి, మేకుకున్న చొక్కా తీసుకుని వీధిలోకి నడిచింది. నేను వసారాలో మంచం మీద లేచి కూర్చున్నాను. పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెప్పాలి? బొంతలు ఇంకా దారిలోనే ఉన్నాయి. దుకాణం వాళ్ళు తీసుకుంటారో లేదో, తీసుకున్నా మళ్ళీ అడుగుతారో లేదో ఎవరికీ తెలియదు.

ఆటోలో ఉన్న ఒక చిన్న పిల్లకి పొడుగు చేతుల చొక్కా లేదు. నాగూరమ్మ తన చొక్కా దానికిచ్చి, చేతులు కిందికి లాగి మణికట్టు దగ్గర గుండీలు పెట్టింది. మేస్త్రి ఏదో అరిచాడు. నాగూరమ్మా అంత గట్టిగానూ ఏదో అంది. ఆటో వెళ్ళిపోయింది.

"పోలా?" అంది అత్త లోపలి మంచం మీద నుంచి.

"పోలా" అంది నాగూరమ్మ.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఇంకో ఆర్డరు రాకపోతే ఏం చేస్తావే?"

"రాకపోతే అప్పుడు చూద్దాం వదినా. ఆటో యాడికీ పోదుగా, ఏడాదేడాదికీ వస్తానే ఉంటది."

అలా అని వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే లేచింది. చీపురు తీసుకుని, అప్పటికే ఊడ్చిన వాకిలి మళ్ళీ కాస్త ఊడ్చి పక్కన పడేసింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. చేతులు నడుం మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడి, తెల్లవారుతున్న వీధి వంక అయోమయంగా చూసింది.

"మిరపకారులో ఈ పొద్దప్పుడు ఇంట్లో ఉండి ఎరగను వదినా" అంది. "ఇళ్ళల్లో ఉండేవోళ్ళు ఏం చేస్తారు ఈ టైముకి?"

 అత్త లోపల్నించి, టీ పెట్టవే అని కేకేసింది.